బాంగర్‌లో ఉద్యోగం, ద్వీపంలో ఇల్లు: మరి ఓటెక్కడ?

మీరు అడిగింది ఇదీ: మీ ఆవిడకు బ్రిటన్‌లోని వేల్స్‌లో, బాంగర్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, ఇల్లేమో వంతెనకు అవతల ఆంగ్లసీ ద్వీపంలోని మెనాయ్ బ్రిడ్జ్ అనే ఊళ్లో కుదిరింది. ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఇక్కడ ఓటేయొచ్చని ఎవరో చెప్పారు, అది నిజమేనా? నిజమైతే బాంగర్ కిందికి వస్తారా, ద్వీపం కిందికి వస్తారా? అసలు ఆ ద్వీపం నియోజకవర్గం మిగతావాటికంటే అంత చిన్నగా ఎందుకుంది?

ముందు మొదటి దానికి జవాబు. నిజమేనండీ. కామన్వెల్త్ దేశాల పౌరులు వీసా మీద చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తుంటే బ్రిటిష్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంటుంది. వయసు 18 నిండాలి, పేరు నమోదు చేసుకోవాలి, అంతే. బ్రిటిష్ పౌరసత్వం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇది తెలియక ఏళ్ల తరబడి ఓటు వదులుకున్న మనవాళ్లు నాకే పదిమంది తెలుసు. ఓటు మీ ఉద్యోగం ఉన్నచోట కాదు, ఇల్లున్నచోట. మీరు అనిస్ మోన్ నియోజకవర్గం కిందికి వస్తారు. ఆంగ్లేయులు ఆంగ్లసీ అంటారే, ఆ ద్వీపానికి వేల్స్ భాష వెల్ష్‌లో అదే పేరు. 1983 నుంచి నియోజకవర్గం పేరు అధికారికంగా కూడా వెల్ష్‌లోనే.

మాదీ మీ కథే. 2018లో బాంగర్‌లో అద్దెకు దిగాం, 2021లో వంతెన దాటి ఇవతలకి మారాం. మధ్యలో ఉన్నది రెండు మైళ్లు, ఒక సన్నటి జలసంధి. కారులో పాట ఒకటి మొదలుపెడితే అయిపోయేలోపు ఇల్లు వస్తుంది. అదే ఊరన్న లెక్కలో చిరునామా మార్పించలేదు. 2022 మేలో కౌన్సిల్ ఎన్నికలప్పుడు నా పోల్ కార్డు బాంగర్‌లో పాత ఇంటికి వెళ్లింది, ఇక్కడి జాబితాలో పేరు లేదు. తప్పు పూర్తిగా నాదే. మీరు సామాన్లు దించిన వారంలోనే ఆన్‌లైన్‌లో మార్పించేయండి, పది నిమిషాల పని.

ఇక అసలు విషయం. ఈ రెండు ఒడ్లకూ తేడా ఎంతుందో చూడండి. బాంగర్ 1950 నుంచి కాన్వీ నియోజకవర్గంలో ఉండేది. 2010లో తీసి కొత్తగా పెట్టిన ఆర్వన్‌లో వేశారు. నేను 2019 డిసెంబరులో ఓటేసింది అందులోనే. 2024కి ఆర్వనే లేదు. బాంగర్ ఇప్పుడు బాంగర్ ఆబర్‌కాన్వీలో ఉంది. ఒకే ఇంట్లో ఉన్న మనిషి కదలకుండా మూడు నియోజకవర్గాలు చూశాడన్నమాట. మాది తెనాలి పక్క పల్లె, కాబట్టి ఇది నాకు కొత్తేం కాదు. 2009 నాటికి తెనాలి పార్లమెంటు సీటే ఎగిరిపోయి మేం గుంటూరులో కలిశాం. మా నాన్న ఇప్పటికీ ‘మన తెనాలి ఎంపీ’ అని నోరు జారుతుంటాడు.

జలసంధికి ఇవతల మాత్రం ఎవరూ ఏమీ కదపలేదు. 1536లో హెన్రీ 8 కాలంలో వేల్స్‌కు పార్లమెంటులో చోటు ఇచ్చినప్పుడు ఆంగ్లసీ కౌంటీకి ఒక సీటు పెట్టారు. దీవి అంచే దాని సరిహద్దు. పక్కనే అంటిపెట్టుకుని ఉన్న చిన్న దీవి, హోలీహెడ్ రేవు ఉన్నది, అదీ ఇందులోదే. తూర్పు ఒడ్డున కోట ఉన్న బ్యూమారిస్ పట్టణానికి అప్పట్లో విడిగా ఇంకో సీటు ఉండేది. 1832 సంస్కరణల్లో దానికి అమ్లుఖ్, హోలీహెడ్, లాన్‌గెవ్ని పట్టణాలను జత చేశారు, 1885లో ఆ పట్టణం సీటు రద్దయింది. అప్పట్నుంచి ద్వీపం మొత్తానికీ ఒక్కరే ఎంపీ. చుట్టూ సముద్రమే గీత గీసి పెట్టాక నియోజకవర్గాల సరిహద్దులు గీసే కమిషన్‌కు ఇక పనేముంటుంది? దివిసీమ వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

అయినా పని కల్పించుకున్నారు. ఓటర్ల సంఖ్య అన్నిచోట్లా దాదాపు సమానంగా ఉండాలని 2011లో చట్టం చేశారు. స్కాట్లండ్ దీవులకు, ఐల్ ఆఫ్ వైట్‌కు అందులో మినహాయింపు దొరికింది, అనిస్ మోన్‌కు మాత్రం దొరకలేదు. ద్వీపాన్ని అవతలి నేలలో కొంత భాగంతో కలిపి ఒకే సీటు చేయాలని ప్రతిపాదనలు వచ్చాయి, అమలు కాకముందే అటకెక్కాయి. 2020 చట్టంలో అనిస్ మోన్‌ను కూడా ఈ ఓటర్ల లెక్క వర్తించని రక్షిత నియోజకవర్గాల్లో చేర్చారు. 2024 ఎన్నికల లెక్క ప్రకారం సీటుకు 69,724 నుంచి 77,062 మంది ఓటర్లు ఉండాలి. ఇక్కడ ఉన్నది సుమారు 52 వేలు. ఓటర్లు సమానంగా ఉండాలన్న ఆ నియమం దెబ్బకు వేల్స్ సీట్లు 40 నుంచి 32కి పడిపోయాయి. చుట్టుపక్కల నియోజకవర్గాలన్నీ చిరిగి అతుకులు పడితే వేల్స్ మొత్తంలో పాత అంచులు చట్టం అండతో మిగిలింది దీనికే. అవతలి ఒడ్డు మిత్రుడొకాయన ‘మీ ఓటు మాకంటే బరువు’ అని దెప్పుతుంటాడు. లెక్క ప్రకారం ఆయన మాట తప్పు కాదు.

గీత మారకపోవడం వల్ల ఒక మంచి జరిగింది. ‘ఫలానా ఊళ్లు కలిపారు కాబట్టి ఓడాం’ అనే సాకు ఇక్కడ ఏ పార్టీకీ లేదు. గెలుపైనా ఓటమైనా అదే జనం చేసిందే. ఆ జనం ఏం చేశారో చూస్తే భలే ఉంటుంది.

1929లో లిబరల్ పార్టీ తరఫున మేగన్ లాయిడ్ జార్జ్ గెలిచింది. వేల్స్ నుంచి పార్లమెంటుకు వెళ్లిన మొదటి మహిళ ఆమె. మాజీ ప్రధాని డేవిడ్ లాయిడ్ జార్జ్ కూతురు. ఆయన సీటు ఎక్కడనుకున్నారు? జలసంధికి సరిగ్గా అవతల, కార్నార్వన్ పట్టణాల సీటు. బాంగర్ కూడా అందులోదే. ఒక ఒడ్డు తండ్రిది, ఒక ఒడ్డు కూతురిది, మధ్యలో నీళ్లు! ఆమె 22 ఏళ్లు నిలబెట్టుకుంది. 1951లో లేబర్ పార్టీ తరఫున క్లెడ్విన్ హ్యూస్, హోలీహెడ్‌లో పుట్టిన వకీలు, అంతకు ముందు రెండుసార్లు ఆమె చేతిలో ఓడినవాడు, 595 ఓట్ల తేడాతో ఆమెను దించేశాడు. ఆమె తర్వాత లేబర్‌లోనే చేరి 1957 ఉప ఎన్నికలో కార్మార్థన్‌లో గెలిచింది, అది వేరే కథ.

హ్యూస్ 1979 దాకా ఉండి తనంతట తాను తప్పుకున్నాడు. ఆయన పోటీలో లేని మొదటి ఎన్నికలోనే సీటు కన్జర్వేటివ్ కీత్ బెస్ట్ చేతికి వెళ్లింది, తేడా 817. బ్రిటిష్ టెలికాం ప్రైవేటుపరం అయినప్పుడు ఆయన ఒక్కడే షేర్ల కోసం పలు దరఖాస్తులు పెట్టిన గొడవ బయటికొచ్చి 1987లో పోటీ చేయలేదు. అప్పుడు ప్లైడ్ కమ్రీ, అంటే వేల్స్ జాతీయవాద పార్టీ, యెయాన్ విన్ జోన్స్‌తో గెలిచింది. ఆయన కార్డిఫ్‌లోని వేల్స్ చట్టసభ రాజకీయాలకు వెళ్లిపోతే 2001లో మళ్లీ లేబర్, 800 ఓట్ల తేడాతో, ఆల్బర్ట్ ఓవెన్. ఈయన హోలీహెడ్ మనిషి, ఒకప్పుడు ఓడల్లో పనిచేసినవాడు. 2019లో ఆయన పోటీ చేయనన్నాడు, కన్జర్వేటివ్ వర్జీనియా క్రాస్బీ గెలిచింది.

గమనించారా? నాలుగు పార్టీల చేతుల్లోకి వెళ్లొచ్చింది. కానీ 1951 తర్వాత 2024 దాకా కుర్చీలో ఉన్న ఎంపీ ఎవరూ ఓడిపోలేదు. తప్పుకున్నప్పుడే సీటు పార్టీ మారింది. ఇక్కడివాళ్లు దీన్ని గర్వంగా చెప్తారు, మనిషిని చూసి ఓటేస్తామని. నాకు కొంత అనుమానమే. 2019 లెక్కలు చూడండి: కన్జర్వేటివ్ 12,959, లేబర్ 10,991, ప్లైడ్ 10,418. ముగ్గురూ ఒకే దగ్గర తచ్చాడుతుంటే మనిషి మీద ప్రేమ అనేకంటే చీలిక అనడం న్యాయం. ఆ ఆనవాయితీ కూడా 2024లో పోయింది. ద్వీపం కౌన్సిల్‌కు నాయకురాలిగా చేసిన లినోస్ మెది ప్లైడ్ తరఫున 10,590 తెచ్చుకుంటే క్రాస్బీకి 9,953 వచ్చాయి. తేడా 637. దేశమంతా లేబర్ ఊపేస్తుంటే ఇక్కడ లేబర్ 7,619తో మూడో స్థానం!

ఎన్నికల కబుర్లలో మీ చెవిన పడేది ఎక్కువగా విల్వా పేరే. ఉత్తర ఒడ్డున ఉన్న అణు విద్యుత్ కేంద్రం, 1971 నుంచి 2015 చివరిదాకా నడిచింది. హోలీహెడ్‌లో అల్యూమినియం కర్మాగారం 2009లోనే మూతపడింది. విల్వాలో కొత్తది కడతామన్న జపాన్ కంపెనీ 2019 జనవరిలో పని ఆపేసింది. 2025 నవంబరులో చిన్న రియాక్టర్లు పెట్టేందుకు ప్రభుత్వం మళ్లీ అదే చోటు ఎంచుకుంది. పిల్లలు ఊళ్లో ఉంటారా, మాంచెస్టర్ పోతారా అన్నది దాంతోనే ముడిపడి ఉంది. దానికి తోడు భాష: 2021 జనగణనలో ద్వీపంలో వెల్ష్ మాట్లాడేవాళ్లు 55.8 శాతం. మూడోది వంతెనలు. 2022 అక్టోబరులో 1826 నాటి పాత వేలాడే వంతెనను భద్రత కారణాలతో ఉన్నపళాన మూసేశారు, 2023 ఫిబ్రవరిలో గానీ తెరవలేదు. ట్రాఫిక్ అంతా రెండో వంతెన మీద. రెండు మైళ్ల దూరానికి మా ఆవిడ డ్యూటీకి గంట ముందు బయల్దేరేది. మూడో వంతెన కావాలని ఆ చలికాలంలో టీ కొట్టు దగ్గర కూడా అదే చర్చ.

2024 జులై 4, గురువారం. ఊరి హాలు బయట కాగితం మీద వెల్ష్‌లో ముందు, ఇంగ్లీషులో తర్వాత పోలింగ్ స్టేషన్ అని రాసి ఉంది. లోపల బల్ల వెనక ఇద్దరు పెద్దవాళ్లు. నా నీలం పాస్‌పోర్టు ఇచ్చాను. వాళ్లలో ఒకావిడ ఫోటో చూసి, నన్ను చూసి, స్కేలు పెట్టి జాబితాలో నా పేరు కొట్టేసింది. ఓటు వేయడానికి ఫోటో ఉన్న గుర్తింపు తప్పనిసరి, ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది. ప్లైవుడ్ అరలో దారం కట్టిన పెన్సిలు. పెన్సిలా! చెరిపేస్తే ఎట్లా అని మనసులో అనుకుంటూ గుణకారం గుర్తు పెట్టి, మడిచి పెట్టెలో వేశాను. అలవాటుగా ఎడమచేయి చాచాను, సిరా కోసం. ఆవిడకు అర్థం కాలేదు, నవ్వి కరచాలనం చేసింది.

ఒక్క మెలిక చెప్పాలి. పైదంతా లండన్ పార్లమెంటు సంగతి. కార్డిఫ్‌లోని వేల్స్ చట్టసభ సెనెడ్‌కు 2026 ఎన్నికల నుంచి పద్ధతి మారింది. 32 పార్లమెంటు సీట్లను రెండేసి చొప్పున జతచేసి 16 చేశారు, ఒక్కోదానికి ఆరుగురు సభ్యులు. అక్కడ ద్వీపానికి మినహాయింపు లేదు. బాంగర్ ఆబర్‌కాన్వీతో కలిపి బాంగర్ కాన్వీ మోన్ అయింది. అంటే మీ ఇల్లూ, మీ ఆవిడ ఆసుపత్రీ లండన్ లెక్కలో వేర్వేరు, కార్డిఫ్ లెక్కలో ఒకటే. దానికి 16 ఏళ్లకే ఓటు, కాబట్టి మీ పెద్దమ్మాయి ఆ వయసుదైతే తన పేరూ నమోదు చేయించండి.

ఇల్లు ఏ ఒడ్డున ఉందో సందేహం వస్తే పోస్ట్‌కోడ్ చూసుకోండి. రెండు వైపులా ఎల్ఎల్ అనే మొదలవుతుంది, దాంతో మోసపోకండి. 57 అంటే బాంగర్, 59 అంటే మెనాయ్ బ్రిడ్జ్, మా వైపు.