తూటా ఎక్కడ తయారైందో చూడు

గవర్నర్‌పేట,
విజయవాడ.

అమ్మాయీ,

విదేశీ ప్రభుత్వాల అండతో సైన్యాలు చేసే హక్కుల ఉల్లంఘనల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. కోపం బాగుంది, ఆ వయసులో అది లేకపోతే ఇంకెందుకు రాయడం. కానీ మొదటి మూడు పేజీలూ తీసెయ్. "సామ్రాజ్యవాద శక్తుల అండతో సైన్యం నరమేధం సాగించింది" అన్నావు. ఏ దళం, ఎవరి అండ, ఎప్పుడు? ఆ వాక్యంలో ఒక్కటీ లేదు. అలాంటి దానికి ఏ దేశపు విదేశాంగ శాఖా జవాబు చెప్పక్కర్లేదు. విశేషణాలకు చింతకాయలు రాలవు.

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో ప్రభుత్వానికీ గెరిల్లాలకీ జరిగిన అంతర్యుద్ధం గురించి ఒక్క పేరా రాసి గ్వాటెమాలాకీ, అక్కణ్నుంచి ఇండోనేషియాకీ వెళ్లిపోయావు. నేనైతే అక్కడే కూర్చునేవాణ్ణి. 1981 డిసెంబరులో ఎల్ మొసోటే అనే ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ అక్కడి సైన్యంలోని అట్లకాటిల్ బెటాలియన్ వందలాది మందిని చంపింది. ఆ బెటాలియన్‌కి శిక్షణ ఇచ్చింది అమెరికా. చెట్టు చాటున దాక్కుని ప్రాణాలు దక్కించుకున్న రుఫీనా అమాయా భర్తనీ, నలుగురు పిల్లల్నీ పోగొట్టుకుంది. 1982 జనవరి 27న న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ రెండూ ఆ వార్త వేశాయి. మర్నాడు, జనవరి 28న, ఎల్ సాల్వడార్ ప్రభుత్వం మానవ హక్కుల కోసం గట్టిగా ప్రయత్నిస్తోందని అమెరికా అధ్యక్షుడు రేగన్ తమ పార్లమెంటు అయిన కాంగ్రెసుకి ధ్రువపత్రం ఇచ్చాడు. అది ఇస్తే తప్ప సైనిక సాయం సాగదు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి ఊరుకో. మధ్యలో నువ్వు "సిగ్గూ ఎగ్గూ లేకుండా" అని చేర్చావు, కొట్టేశాను.

అమెరికన్ ఎంబసీ నుంచి ఇద్దరు విచారించడానికి బయల్దేరారు, ఎల్ మొసోటేలో మాత్రం అడుగుపెట్టలేదు. ఊచకోత జరిగిందనడానికి ఆధారం లేదని పైవాళ్లు కాంగ్రెసులో చెప్పారు. పదేళ్లు అదే పాట. 1992లో అర్జెంటీనా నుంచి ఫోరెన్సిక్ నిపుణులొచ్చి చర్చి పక్కనున్న చిన్న ఇంటి శిథిలాలు తవ్వారు. కనీసం 143 మంది అవశేషాలు బయటపడ్డాయి. అందులో 131 మంది పన్నెండేళ్ల లోపు పిల్లలు. వాళ్లతో పాటు 245 తూటాల ఖాళీ షెల్స్ దొరికాయి. షెల్ అడుగున ఇత్తడి మీద ఎక్కడ తయారైందో తెలిపే చిన్న ముద్ర ఉంటుంది. 184 షెల్స్ మీద అది ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. అమెరికా ప్రభుత్వం కోసం మిస్సోరి రాష్ట్రంలోని లేక్ సిటీలో చేసిన తూటాలవి.

ఇందిరాగాంధీ కాలం నుంచీ మనం విదేశీ హస్తం అనే మాట వింటూనే ఉన్నాం, వేలిముద్ర చూపించినవాళ్లు లేరు. అక్కడ చూపించారు. నీ వ్యాసంలో అలాంటిది ఒక్కటుంటే చాలు, మిగతా ఉపన్యాసమంతా నేనే కత్తిరిస్తాను.

దళం పేరు అని ఎందుకు విసిగిస్తున్నానో కూడా చెప్తాను. 1997 నుంచి అమెరికాలో అప్పటి సెనేటర్ పాట్రిక్ లేహీ పేరున ఒక చట్టం నడుస్తోంది. హింసలు, హత్యలు చేసిందని నమ్మదగిన సమాచారం ఉన్న విదేశీ దళానికి సాయం ఇవ్వకూడదు. ఫలానా బెటాలియన్ లాంటి దళానికి, అంతే. దేశం మొత్తానికి కాదు. అంటే నువ్వు "సైన్యం" అని రాసినంత కాలం ఆ చట్టానికి పనే ఉండదు. వచ్చినవాళ్ల భుజం మీద బ్యాడ్జీ ఎలా ఉంది, బండి మీద ఏం రాసుంది, ఆఫీసర్ని ఏమని పిలిచారు... సాక్షిని అడగాల్సినవి ఇవి. తనకి కావాల్సిన దేశాల దగ్గరికొచ్చేసరికి అమెరికా ఈ చట్టాన్ని అటకెక్కిస్తుందని విమర్శ ఉంది. అది నిజమేనని నా అభిప్రాయం కూడా. అయినా పేరుంటే కొంచెమైనా కదులుతుంది. మన పక్కన బంగ్లాదేశ్‌లో ర్యాపిడ్ యాక్షన్ బెటాలియన్ అనే పోలీసు ప్రత్యేక దళం మీద 2021 డిసెంబరులో అమెరికా ఆంక్షలు పెట్టింది. ఎవరి మీదో తెలుసు కాబట్టే పెట్టగలిగింది.

ఇంకోటి. ఎల్ మొసోటేకి ఆ రెండు పత్రికల విలేఖర్లని తీసుకెళ్లింది గెరిల్లాలు. "వాళ్లు చూపించిందే చూసొచ్చారు" అని కొట్టిపారేయడానికి ప్రభుత్వానికి అది చక్కగా పనికొచ్చింది. నిన్ను ఎక్కడికైనా ఎవరైనా తీసుకెళ్తే, ఎవరు తీసుకెళ్లారో నువ్వే ముందు రాసెయ్. అవతలివాళ్లు బయటపెట్టేదాకా ఆగకు. ఎల్ సాల్వడార్ యుద్ధంలో జరిగిన అకృత్యాల మీద ఐక్యరాజ్యసమితి ట్రూత్ కమిషన్ 1993లో ఇచ్చిన నివేదికలో, వచ్చిన ఫిర్యాదుల్లో దాదాపు 85 శాతం ప్రభుత్వ బలగాలు, వాళ్లతో ఉన్న ముఠాల మీదే. గెరిల్లాల మీద సుమారు 5 శాతం. నీ వ్యాసంలో ఆ 5 కనపడలేదు. పెట్టు. అలాగని సగం సగం పంచకు, అది మరీ పెద్ద అబద్ధం. హక్కుల కార్యకర్త బాలగోపాల్ గారు మన దగ్గర పోలీసు ఎన్‌కౌంటర్ల మీద ఏళ్ల తరబడి రాశారు, నక్సలైట్ల హత్యల్నీ ప్రశ్నించారు. రెండువైపులా తిట్లు తిన్నారు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులకి వెళ్లినప్పుడు నిజనిర్ధారణ రిపోర్టులు ఏమైనా ఉన్నాయేమో అడుగు. ఎంత చప్పగా రాసుంటాయో చూడు, ఆ చప్పదనమే వాటి బలం.

మన ప్రభుత్వం సంగతి నువ్వు రెండు లైన్లలో దాటేశావు. ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద మనం 1997లో సంతకం పెట్టాం, ఈరోజుకీ ఆమోదించలేదు. 1995లో పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో కిమ్ డేవీ అనే డెన్మార్క్ మనిషిని మనకి అప్పగించమంటే, ఇక్కడ హింసిస్తారనే భయం ఉందని 2011లో డెన్మార్క్ కోర్టు కుదరదంది. లాఠీ మనదే, నష్టపోయిందీ మనమే. ఇది నీ వ్యాసంలో ఉండాలి, ఎందుకంటే విదేశాల జవాబుదారీతనం గురించి రాసేవాడిని చదివేవాడు మొదట అడిగే ప్రశ్న "మరి మీ ఊళ్లో?" అనే.

దానికి జవాబు నీ చివరి పేజీలోనే ఉంది. మీ జిల్లాలో స్టేషన్ నుంచి దెబ్బలతో తిరిగొచ్చిన కుర్రాడి సంగతి వ్యాసం మొత్తంలో మంచి భాగం, కానీ కన్నీళ్లతో నింపేశావు. కాగితాలు సంపాదించు. డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది, అరెస్టు మెమోలో తేదీ, టైము ఉండాలి, సాక్షి సంతకం ఉండాలి, అరెస్టయినవాడి సంతకమూ ఉండాలి. ఆ టైము మీద దిద్దుబాటు ఉందా, సాక్షి ఎవరు, అతనిది ఆ వీధేనా? తర్వాత ప్రభుత్వాసుపత్రి ఇచ్చిన వూండ్ సర్టిఫికెట్ తీసుకో. అందులో ప్రతి గాయం పొడవు, వెడల్పు, ఎంతసేపటి కిందటిదో రాస్తారు. డాక్టరు చెప్పిన గంటలు వెనక్కి లెక్కేసి మెమోలో టైముతో కలిపి చూడు. గాయం స్టేషన్లో ఉండగా అయిందా, అంతకు ముందా అనేది అక్కడే తేలుతుంది. తేలకపోతే తేలలేదని రాయి. పోలీసులు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే, పూర్తిగా, ముందే పెట్టు.

వాళ్లమ్మ పేరూ ఊరూ రాశావు. రెండూ తీసెయ్. వీధి, కులం, ఆవిడ చేసే పని కూడా, ఏ ఒక్కటి ఉన్నా కానిస్టేబుల్‌కి ఇల్లు దొరుకుతుంది. అచ్చుకి ఇచ్చేముందు ఆ పేరా ఆవిడకి చదివి వినిపించు. వద్దంటే తీసేసి మిగతాది పంపు, బతిమాలకు. ఈసారి ప్రింటు తీసి పంపు, ఫోన్లో ఇంత పొడుగు చదవడం నావల్ల కావట్లేదు.

మీ మాస్టారు