చెన్నై పాఠకుల ప్రశ్నలు: ఈ వారం అన్నీ గాస్మన్ గురించే

ప్రశ్న: అండీ, మాది పెరంబూరు. పన్నెండేళ్లుగా మా తెలుగు అసోసియేషన్ తరఫున నాటకాలు వేస్తున్నా, అన్నీ సీరియస్ వేషాలే, పద్యాలు కూడా బాగానే పాడతా. ఇప్పుడో షార్ట్ ఫిలింలో నత్తి ఉన్న దొంగ వేషం ఇస్తామంటున్నారు. ఒప్పుకుంటే స్టేజీ మీద నా పరువు పోతుందని భయంగా ఉంది. డైరెక్టరేమో ఇటలీ నటుడు విట్టోరియో గాస్మన్‌ని చూడండి అంటున్నాడు. ఎవరండీ ఆయన?

జవాబు: మీ డైరెక్టర్ సరైన మనిషి పేరే చెప్పాడు, ముందు ఆ వేషం ఒప్పేసుకోండి. గాస్మన్ 1922 సెప్టెంబర్ 1న జెనోవాలో పుట్టాడు, పొడగరి, కుర్రతనంలో బాస్కెట్‌బాల్ ఆడేవాడు, తర్వాత రోమ్‌లో నాటక అకాడమీలో చేరాడు. స్టేజీ మీద మహా గంభీరమైన నటుడు. 1952లో లుయీజీ స్క్వార్జీనాతో కలిసి సొంత నాటక సంస్థ పెట్టి ఎక్కడా కోత వెయ్యకుండా షేక్స్‌పియర్ హామ్లెట్ మొత్తం ఆడాడు. ఒథెల్లో వేసినప్పుడైతే ఆయనా సాల్వో రాండోనే అనే ఇంకో నటుడూ వేషాలు మార్చుకునేవాళ్లు, ఒకరోజు ఈయన హీరో ఒథెల్లో, ఆయన విలన్ ఇయాగో, ఇంకోరోజు అటుదిటు. మన దగ్గర ఒకే మనిషి ఇవాళ కృష్ణుడు రేపు దుర్యోధనుడు వేసినట్టన్నమాట, అదెంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

సినిమావాళ్లకి మాత్రం ఆయన అందమైన విలన్‌గానే కనపడ్డాడు. 1949లో వచ్చిన ‘రీసో అమారో’లో చేసింది అలాంటి వేషమే. అందుకే 1958లో దర్శకుడు మారియో మోనిచెల్లి ‘ఈ సోలితి ఇన్యోతి’ అనే దొంగల కామెడీకి ఈయన్ని తీసుకుంటానంటే నిర్మాతలకి నమ్మకం కుదరలేదు, ఈయనేం నవ్విస్తాడు అని. దాంతో మేకప్‌లో ముక్కు మార్చారు, జుట్టు నుదుటి మీదకి దించారు, మాటకి నత్తి పెట్టారు. పెప్పే అనే ఓడిపోయిన బాక్సర్ వేషం అది. జనం పగలబడి నవ్వారు, అక్కణ్నించి ఆయన దశే తిరిగిపోయింది. మరుసటేడు ‘లా గ్రాండే గ్వెర్రా’, 1962లో ‘ఇల్ సోర్పాస్సో’, రెండూ చూడండి, రెండోదైతే తప్పకుండా చూడండి, ఇటలీలో ఆగస్టు 15న వచ్చే వేసవి పండగ సెలవుకి ఖాళీ అయిపోయిన రోమ్‌లో కారేసుకుని తిరిగే మనిషి కథ, పైకంతా హుషారు, లోపలంతా డొల్ల.

నా ఉద్దేశంలో ఆ నత్తి అంత బాగా పండింది స్టేజీ వల్లే. పద్యం ఎక్కడ ఆపి ఎక్కడ అందుకోవాలో తెలిసినవాడికే మాట ఎక్కడ తడబడాలో కూడా తెలుస్తుంది. ఆ విద్య మీ దగ్గర ఉంది కదా. ఒక్కటే జాగ్రత్త, నత్తిని చూపించి నవ్వించకండి, ఆ దొంగ తానేదో పెద్ద మొనగాణ్ని అనుకుంటాడే, నవ్వు అక్కడ పుట్టాలి.

నాటకం మాత్రం వదలొద్దు. సినిమాల్లో అంత పేరొచ్చాక కూడా గాస్మన్ 1960లో సర్కస్ డేరా లాంటి పెద్ద టెంటులో మాంజోనీ రాసిన ‘అదెల్కీ’ ఆడాడు, థియేటర్ గడప తొక్కని జనానికి కూడా నాటకం అందాలని ఆయన పట్టుదల. మన నాగభూషణం గారు సినిమాల్లో ఎంత బిజీగా ఉన్నా రక్తకన్నీరు ఆడుతూనే ఉన్నారు చూడండి, అదీ అలాంటి పట్టుదలే.

ప్రశ్న: అల్ పచీనోకి ఆస్కార్ తెచ్చిన అంధుడి పాత్ర ముందు ఈయనే చేశాడట, నిజమా? – టి నగర్

జవాబు: నిజమే. 1974లో దీనో రీజీ తీసిన ‘ప్రోఫూమో ది దోన్నా’. చూపూ ఒక చెయ్యీ పోయిన కెప్టెన్ టొరినో నుంచి నేపుల్స్ దాకా చేసే ప్రయాణం అది. 1975లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గాస్మన్‌కి ఉత్తమ నటుడు అవార్డు ఇచ్చారు. పచీనోది 1992లో వచ్చిన రీమేక్. నాకు రెండూ ఇష్టమే గానీ గాస్మన్ కెప్టెన్‌లో జాలి అడగని మొండితనం ఎక్కువ, అందుకే చివర్లో గుండె పట్టేస్తుంది.

ప్రశ్న: అంత నవ్వించిన మనిషికి డిప్రెషన్ ఉండేదా? – అడయార్

జవాబు: ఉండేదండి, దాచుకోలేదు కూడా, అందరిముందూ చెప్పుకున్నాడు. ఆ తరం మగవాళ్లలో, అందులోనూ అంత ఠీవి ఉన్న స్టార్ అలా చెప్పడం చిన్న విషయం కాదు, నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది అక్కడే. మీరు ఎవరి కోసం అడిగారో తెలీదు గానీ, అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే ఊరికే ధైర్యం చెప్పి వదిలెయ్యకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయికి మహేష్ బాబు చెప్పిన ముఫాసా గొంతంటే పిచ్చి. గాస్మన్ కూడా ముఫాసాకి చెప్పాడా? – వేలచ్చేరి

జవాబు: అవునమ్మా, 1994 నాటి లయన్ కింగ్ ఇటాలియన్ డబ్బింగ్‌లో ముఫాసా ఆయనే. అప్పటికి డెబ్బై దాటాడు, 2000 జూన్ 29న రోమ్‌లో పోయాడు. క్లిప్ దొరికితే బాబుకి వినిపించండి, భాష రాకపోయినా పర్లేదు, కొడుకుతో నక్షత్రాల గురించి మాట్లాడే సీన్ పెట్టండి.