గోదురు కప్ప విషాన్ని పురుగుమందుగా కొట్టవచ్చా?

ప్రశ్న: మా కూరగాయల తోటలో ఆకు తినే గొంగళి పురుగులు బాగా పెరిగాయి. గోదురు కప్ప ఒంటి మీద ఊరే పాలలాంటి విషానికి పురుగులు చస్తాయని ఒక వీడియోలో చూశాను. తోటలో ఈ కప్పలు చాలానే ఉన్నాయి. విషం తీసి నీళ్లలో కలిపి కొట్టవచ్చా? సహజమైనదే కదా, ప్రమాదం ఉండదనుకుంటున్నాను.

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. ముందు మీకే ప్రమాదం.

ఈ కప్ప కళ్ల వెనక ఉబ్బెత్తుగా కనిపించే రెండు గ్రంథుల్లో ఆ పాలు ఉంటాయి. అందులోని ముఖ్యమైన విషాలు బుఫాడైనొలైడ్లు. మన కణాల్లో సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోసే ప్రొటీన్ ఒకటుంది. ఈ విషం దాన్ని ఆపేస్తుంది. దాంతో గుండె లయ తప్పుతుంది. గన్నేరు విషం చేసేదీ ఇదే. ఆ ప్రొటీన్ పురుగుల్లోనూ ఉంది కాబట్టే దీన్ని పురుగుమందుగా వాడవచ్చన్న ఆలోచన వచ్చింది. కానీ మీలో, మీ పశువుల్లో, తోటకొచ్చే పక్షుల్లో కూడా అదే ఉంది. పైగా ఈ విషం వండినా పోదు. ఈ కప్పల్ని వండుకుని తిని చనిపోయినవాళ్లున్నారు. అలాంటిది తినే కూరగాయ మీద ఎలా కొడతాం?

పోనీ పురుగులన్నీ చస్తాయా అంటే, అదీ లేదు. జిల్లేడులో ఉన్నవీ ఈ తరహా విషాలే. అయినా కొన్ని సీతాకోకచిలుకల గొంగళి పురుగులు జిల్లేడు ఆకునే తిని పెరుగుతాయి. వాటి ప్రొటీన్‌లో వచ్చిన చిన్న మార్పు వల్ల విషం దానికి సరిగా అతుక్కోదు.

జంతువుల విషం నుంచి పురుగుమందు రావడం మాత్రం నిజమే. వరిలో కాండం తొలిచే పురుగుకు వాడే కార్టాప్ హైడ్రోక్లోరైడ్ గుళికలు మీకు తెలిసే ఉంటాయి. జపాన్‌లో చేపల ఎరగా వాడే ఒక సముద్రపు పురుగు మీద వాలిన ఈగలు చచ్చిపోయేవి. 1934లో అందులోని విషాన్ని వేరు చేశారు. దాని నిర్మాణాన్ని మార్చి తయారు చేసిన ఈ కార్టాప్ మందు 1967లో మార్కెట్లోకి వచ్చింది. మధ్యలో ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. కప్ప విషం నుంచి మందు వచ్చినా ఇలా ల్యాబ్‌లో మారి, పరీక్షలు దాటి రావాలి తప్ప, బకెట్లో కలుపుకునేది కాదు.

అసలు మీ తోటలో ఆ కప్పలు ఉండటమే మేలు. రాత్రిపూట చెదలు, పెంకు పురుగులు, నేల మీద తిరిగే గొంగళి పురుగులను అవి తింటాయి. గట్ల పక్కన నీడగా, తేమగా కొంత చోటు వదలండి. నీటి గుంటల్లో పొడవాటి జిగురు దండల్లా కనిపించేవి వాటి గుడ్లే. అక్కడ మందు నీళ్లు పడనివ్వకండి, స్ప్రేయర్ కడగకండి.

గొంగళి పురుగులు చిన్నగా ఉన్నప్పుడే 5 శాతం వేప గింజల కషాయం సాయంత్రం పూట ఆకుల అడుగు భాగం తడిసేలా కొట్టండి. అప్పటికీ తగ్గకపోతే బ్యాక్టీరియాతో తయారయ్యే బీటీ మందు వాడవచ్చు. పెద్ద పురుగుల మీద రెండూ అంతగా పని చేయవు, వాటిని ఏరేయడమే మంచిది.

ఇప్పటికే ఆ కప్పల్ని పట్టుకుని ఉంటే చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. పాలు కంట్లో పడితే ధారగా నీళ్లు పోసి కడిగి, డాక్టరుకు చూపించండి. కుక్క కప్పను కొరికి చొంగ కారుస్తుంటే, తల కిందికి వంచి, నీళ్లు గొంతులోకి పోకుండా నోరు కడిగి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.