క్రాస్ వాళ్ల చేతికిచ్చి నువ్వు కూర్చో

చి.ల.సౌ. అమ్మాయికి,

ఆశీస్సులు. సొంతంగా ఆఫీసు పెట్టావనీ, ఇద్దరు ఆడపిల్లలు జూనియర్లుగా చేరారనీ చదివి చాలా సంతోషం వేసింది. డ్రాఫ్టింగ్ బాగా చేస్తున్నారు గానీ ట్రయల్ అంటే వణికిపోతున్నారనీ, కోర్టులో వాళ్లని ఎవరూ లెక్కచేయడం లేదనీ రాశావు. ఈ రెండింటినీ నువ్వు వేరు వేరుగా చూస్తున్నావు. పని చేతికి రానిదే వణుకు పోదు, వణుకు పోనిదే ఎవరూ లెక్కచేయరు. ఆ పని ఇవ్వాల్సింది జడ్జి గారూ కాదు, బార్ అసోసియేషనూ కాదు, నువ్వే.

ఆడవాళ్లు వకాలత్ వేయడానికి అడ్డు లేదని చెప్పడానికి 1923లో ఈ దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మ (దుర్గాబాయి దేశ్‌ముఖ్) గారు 1942లో లా డిగ్రీ తీసుకుని మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో మొదటి మహిళా జడ్జిగా జస్టిస్ అమరేశ్వరి గారు కూర్చునేసరికి 1978 అయింది. గేటు తెరవడానికి చట్టాలు వచ్చాయి గానీ, అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్ ఎవరు చేయాలో చెప్పే చట్టం ఏదీ లేదు. అది సీనియర్ టేబుల్ దగ్గర తేలిపోతుంది. మగ జూనియర్‌కి సెషన్స్ కేసు కట్ట ఇస్తారు, ఆడపిల్లకి కేసు పిలిచినప్పుడు హాజరు చెప్పే కాల్ వర్కు, వాయిదా పిటిషన్లు, మెయింటెనెన్స్ (భరణం) కేసులు ఇస్తారు. మెయింటెనెన్స్ కేసు తక్కువదని నేననను. జీతం దాచిపెట్టే మొగుణ్ణి క్రాస్ చేయడం కన్నా కష్టమైన క్రాస్ ఏముంది? ‘ఆడవాళ్ల కేసులు ఆడవాళ్లకి’ అనే పంపకమే నాకు నచ్చదు.

ముందు వకాలత్‌లు (క్లయింటు లాయరుకి ఇచ్చే అధికార పత్రాలు) తీసి చూడు, వాళ్ల పేర్లు ఉన్నాయా? చాలా ఆఫీసుల్లో సీనియర్ పేరొక్కటే ఉంటుంది. జూనియర్ లేచి ‘సీనియర్ గారి తరఫున’ అంటుంది. అలా అన్న పిల్లతో జడ్జి గారు ‘మీ సీనియర్‌ని రమ్మనమ్మా’ అంటే ఆయన తప్పేముంది? ఇకనుంచి కేసు ఎవరు చూస్తారో ఆ అమ్మాయి పేరు, సంతకం వకాలత్ మీద ఉండాలి. అప్పుడు ‘ఈ కేసులో నేను ఆన్ రికార్డ్ ఉన్నాను సార్, క్రాస్ నేనే చేస్తున్నాను’ అని ధైర్యంగా చెప్పగలదు.

క్లయింటు కూడా మొదట్లో నసుగుతాడు. ‘మేడమ్, ఇది పొలం తగాదా, అవతల పెద్ద లాయరు’ అంటాడు. ఫీజు మాట్లాడే రోజునే చెప్పెయ్, కేసు ఈ అమ్మాయి చూస్తుంది, నేను వెనక ఉంటానని. మన సాక్ష్యాన్ని రాతలో పెట్టే చీఫ్ అఫిడవిట్ ఆ అమ్మాయే క్లయింటుని కూర్చోబెట్టుకుని తయారుచేయాలి. దస్తావేజులన్నీ తిరగేసి, గట్టు ఎవరిది, బోదె ఎటు పారుతుంది, శిస్తు రసీదులు ఎవరి పేరన ఉన్నాయి అని ఓపిగ్గా అడిగిన మనిషిని ఏ రైతూ తక్కువగా చూడడు.

మొదటి క్రాసులకి చెల్లని చెక్కు కేసులంత మంచివి లేవు. మన వైపు మేత డీలర్లకీ రొయ్యల చెరువుల వాళ్లకీ మధ్య అవి ఎన్ని పడుతుంటాయో నీకు తెలియంది కాదు. ముద్దాయి చెక్కు మీద సంతకం ఒప్పుకున్నాడంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 139 సెక్షన్ ప్రకారం బాకీ ఉన్నట్టే కోర్టు భావిస్తుంది, దాన్ని తిప్పికొట్టే భారం ముద్దాయి తరఫున ఉన్న మన మీద పడుతుంది. అయితే పూర్తిగా రుజువు చేయక్కర్లేదు, మన మాటే ఎక్కువ నమ్మేట్టుగా ఉందనిపిస్తే చాలు. ఫిర్యాదుదారుకి అంత డబ్బు ఇచ్చే స్తోమత ఉందా అని ప్రశ్నించే వీలు ముద్దాయికి ఉందని 2019లో బసలింగప్ప కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇక పిల్లలకి ఇలా చూపించు:

‘ఈ 5 లక్షలూ నగదుగానే ఇచ్చారు?’

‘అవునండి.’

‘ప్రామిసరీ నోటు రాయించుకోలేదు?’

‘లేదండి.’

‘మీరు ఏటా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేస్తారు?’

‘వేస్తానండి.’

‘ఆ ఏడాది రిటర్నులో ఈ అప్పు చూపించలేదు?’

‘లేదండి.’

ఇక్కడ కొత్త పిల్ల నోట్లోంచి ‘ఎందుకు చూపించలేదు?’ అన్న మాట తన్నుకుని వస్తుంది. అది అడిగిందో, సాక్షి తీరిగ్గా ‘చేబదులే కదండీ, అక్కర్లేదని మా ఆడిటరు గారన్నారు’ అని కథ చెప్తాడు. అప్పటిదాకా పడ్డ కష్టం గోదాట్లో కలిసిపోతుంది. నాలుగో జవాబు రాగానే ఆగి, వేరే విషయానికి వెళ్లిపోవాలి. ఎందుకు చూపించలేదన్నది మనం ఆర్గ్యుమెంట్లలో జడ్జి గారికి చెప్పుకునే మాట, సాక్షిని అడిగేది కాదు. ఒక్కో ప్రశ్నలో ఒక్క విషయమే ఉండాలి. అవును, కాదు అని తప్ప ఇంకోలా చెప్పడానికి సాక్షికి సందు ఉండకూడదు. ఇదంతా పుస్తకంలో చదివితే రాదు, నోటితో అడిగి అడిగి రావాల్సిందే.

క్రిమినల్ కేసుల్లోకి వచ్చాక వాళ్లకి గట్టిగా నూరిపోయాల్సింది కాంట్రడిక్షన్, అంటే సాక్షి ముందు చెప్పినదానికీ కోర్టులో చెప్పేదానికీ ఉన్న తేడా, ప్రూవ్ చేయడం. సాక్షి కోర్టులో ‘ఏ1 (మొదటి ముద్దాయి) కత్తితో పొడిచాడు’ అంటాడు. పోలీసులకిచ్చిన స్టేట్‌మెంట్‌లో, అదే మనం పాత సీఆర్‌పీసీలో 161 అని పిలిచి ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 180 అంటున్నదాంట్లో, ఆ ముక్కే ఉండదు. పిల్లలు ఏం చేస్తారంటే, సాక్షిని ‘మీరు పోలీసులకి ఇలా చెప్పలేదు కదా’ అని అడుగుతారు, సాక్షి ‘చెప్పానండి’ అంటాడు, గెలిచేశామనుకుని కూర్చుంటారు. పని సగమే అయింది. దర్యాప్తు అధికారి (ఐఓ) బోనెక్కిన రోజు ‘పీడబ్ల్యూ 1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) మీ ముందు ఫలానా మాట చెప్పలేదు’ అని ఆయన్ని అడిగి, అవునని రికార్డులోకి తెచ్చుకోవాలి. అప్పుడుగానీ అది రుజువైనట్టు కాదు. స్టేట్‌మెంట్‌లో ఉన్నదానికి విరుద్ధంగా సాక్షి చెబితే, ఆ భాగం సాక్షికి చూపించి అడగాలి, పాత సాక్ష్య చట్టం 145, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 148 ప్రకారం. ప్రతి సాక్షికీ ఒక కాగితం పెట్టి, ఐఓని ఏమేం అడగాలో ఆ రోజే అందులో రాసుకోమను. ఐఓ క్రాస్‌కి వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి, ఎంత జ్ఞాపకశక్తి ఉన్నా గుర్తుండదు. ఇంకోటి, 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలొచ్చి సెక్షన్ల నంబర్లు మారిపోయాయి కదా. పాత నంబర్లు నోటికొచ్చిన మగ సీనియర్లు కూడా తడుముకుంటున్నారు. మీ పిల్లలకి ఇది మంచి అవకాశం, కొత్త నంబర్లు కంఠతా పట్టించు.

సాక్షి చెప్పింది కోర్టు రికార్డుకి ఎక్కించే డిపోజిషన్ మీద కన్ను వేసి ఉంచడం నేర్పు. సాక్షి తెలుగులో చెప్తాడు, జడ్జి గారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, స్టెనో టైపు కొడుతుంది. ‘చూసినట్టు గుర్తండీ’ అన్నది చూశాడు అని ఎక్కేస్తే, వెంటనే ఆ వాక్యం దగ్గరే లేచి చెప్పాలి. గంట పోయాక చెబితే ఎవరికీ గుర్తుండదు. అప్పీలు కోర్టు ముందుకి వెళ్లేది ఆ కాగితమే.

ఇక నువ్వు రాసిన రెండో సంగతి. క్రాస్ బిగుసుకుంటున్న సమయంలో అవతలి సీనియర్ లేచి ‘చిన్నపిల్ల, తెలియక అడుగుతోంది సార్’ అని నవ్వుతాడు. కోర్టు హాలంతా నవ్వుతుంది. ఈలోపు సాక్షి సర్దుకుంటాడు. మీ అమ్మాయి ఏడుపు ఆపుకుంటూ బయటికి వచ్చిందన్నావు కదా, అతగాడికి కావలసింది అదే. సాక్షికి ఊపిరి పీల్చుకునే టైమ్ ఇప్పించడం పాత ఎత్తుగడ. ఆడపిల్ల మీద చవగ్గా పనిచేస్తుందని వాడతారు. ఆయన వైపు చూడనే వద్దను. బెంచి వైపు చూసి ‘సార్, నా ప్రశ్నకి సాక్షి ఇంకా జవాబు చెప్పలేదు. వారికి అభ్యంతరం ఉంటే ఏ కారణంతో అన్నది రికార్డు చేయమని కోరుతున్నాను’ అనాలి. అని, మళ్లీ అదే ప్రశ్న, అవే మాటల్లో, అదే గొంతుతో అడగాలి. ఒకే ప్రశ్న మూడోసారి వినపడేసరికి నవ్వేవాళ్లు ఉండరు.

గొంతు గురించి చెప్పక తప్పదు. మెల్లగా అడిగితే ‘వినపడటం లేదమ్మా’ అంటారు, పెంచితే ‘అరవకమ్మా’ అంటారు. మగవాడు అరిస్తే మాత్రం ఫైర్ ఉందంటారు. న్యాయమా అంటే కాదు. కానీ రేపు పొద్దున పదిన్నరకి కోర్టులో పని జరగాలి. చిన్న చిన్న వాక్యాలు, మాటకీ మాటకీ మధ్య కాస్త విరామం, ఫ్యాను చప్పుడు దాటి సాక్షికి చేరేంత గొంతు ఉంటే సరిపోతుంది. టెన్షన్‌లో ఎవరైనా గబగబా మాట్లాడతారు, గొంతు పైకి పోయేది అప్పుడే. కాబట్టి వేగం తగ్గించడం మీద పని చేయించు.

బెంచి మీద ఆడవాళ్లుంటే ఈ గొడవ ఉండదనుకోకు. ‘పిల్లలున్న దానివి, త్వరగా ముగించుకుని వెళ్లు’ అని ప్రేమగా అనేవాళ్లు వాళ్లలోనూ ఉంటారు. ‘ఇంకా కొన్ని ప్రశ్నలున్నాయి మేడమ్, ముగిస్తాను’ అని కొనసాగించడమే. అయితే క్రాస్ సగంలో ఆపేసి కేసుకి నష్టం జరిగే పరిస్థితి వస్తే, ఏం జరిగిందో రాసి ఆ రోజే మెమో వేయించు, వారం ఆగితే దానికి విలువ ఉండదు.

ఆడ సాక్షిని అవతలివాళ్లు నడవడిక మీద ప్రశ్నలతో చీల్చేటప్పుడు మన పిల్లలు తల దించుకుని కూర్చోకూడదు. లైంగిక నేరాల కేసుల్లో సమ్మతి ప్రశ్న వచ్చినప్పుడు, బాధితురాలి గత సంబంధాల గురించి అడగకూడదని సాక్ష్య అధినియం 149లోనే ఉంది. అవమానించడానికో విసిగించడానికో వేసే ప్రశ్నల్ని కోర్టు ఆపి తీరాలని 155 చెబుతోంది. నంబరు చెప్పి అభ్యంతరం లేవదీస్తే జడ్జి గారు పట్టించుకోక తప్పదు. నిందితుడు ఫిర్యాదుదారు చేత రాఖీ కట్టించుకోవాలన్న బెయిల్ షరతును 2021లో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసిన సంగతి, స్త్రీల గురించి కోర్టుల్లో పాతుకుపోయిన మూస మాటల మీద 2023లో అదే కోర్టు తెచ్చిన హ్యాండ్‌బుక్, ఈ రెండూ మీ ఆఫీసులో ప్రింటు తీసి పెట్టుకోండి. అయితే మనం డిఫెన్సు వైపు ఉన్నప్పుడు మన పిల్లలు కూడా అలాంటి ప్రశ్నలు వేయకూడదు. ఆడ లాయరు అడిగితే మర్యాదగా ఉంటుందని కొంతమంది క్లయింట్లు దానికోసమే వస్తారు, పంపించెయ్.

వెకిలి మెసేజ్‌లు పెట్టడం, ఒంటి మీద చెయ్యి వేయడం, ఇవి ఎత్తుగడల లెక్కలోకి రావు. వాటికి ఫిర్యాదే. బార్ అసోసియేషన్లన్నీ పనిచోట లైంగిక వేధింపుల మీద ఉన్న విశాఖ మార్గదర్శకాలు పాటించేలా బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చూడాలని 2012లో మేధా కోత్వాల్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ బార్‌లో అలాంటి ఫిర్యాదుల కమిటీ ఉందో లేదో కనుక్కో. లేకపోతే జనరల్ బాడీలో లేచి అడగాల్సింది నువ్వు, ఆ పిల్లలు కాదు. ‘సర్దుకుపో అమ్మా’ అనే మాట మాత్రం నీ నోట రానివ్వకు.

కోర్టు బయట కూడా కొంత నేర్చుకోవాలి. కోర్టు తరఫున స్థలం చూసి రిపోర్టు రాసే అడ్వకేట్ కమిషన్లకి వాళ్ల పేర్లు ఇవ్వు. ఆడపిల్ల చేలగట్ల మీద ఏం తిరుగుతుందని పక్కన పెడతారు. సర్వేయరుతో గొలుసు పట్టించి, రాళ్లు చూసి, రిపోర్టు రాసిన అమ్మాయికి హద్దుల కేసులో ఎలా క్రాస్ చేయాలో వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరిలో క్రిమినల్ సైడ్ ఇష్టమున్న అమ్మాయి ఉంటే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ (ఉచితంగా ముద్దాయిల తరఫున వాదించే లాయర్ల) నోటిఫికేషన్ పడినప్పుడు అసిస్టెంట్ పోస్టుకి దరఖాస్తు చేయించు. అందులో ఉన్నన్నాళ్లూ ప్రైవేటు కేసులు చేయకూడదు, నీ ఆఫీసు వదలాల్సిందే. అయినా పంపు.

ఆదివారాలు పాత డిస్పోజల్ (తేలిపోయిన) కేసుల డిపోజిషన్లు తీసి ప్రాక్టీసు పెట్టు. సాక్షిగా మీ గుమాస్తాని కూర్చోబెట్టు. మన ప్లీడరు గుమాస్తాలు చూసినన్ని సాక్ష్యాలు మనం కూడా చూసి ఉండం. ఏ ప్రశ్నకి ఎలా తప్పించుకోవాలో ఆయనకి కొట్టిన పిండి, పిల్లల్ని ముప్పుతిప్పలు పెట్టేస్తాడు. అయ్యాక తప్పులన్నీ ఏకరువు పెట్టకు, వారానికి ఒక్కటి చెప్పు.

కోర్టులో వాళ్లు క్రాస్ చేస్తుంటే నువ్వు పక్కన కూర్చో, కానీ లేవకు. ప్రశ్న తప్పుగా పడ్డా లేవకు. మరీ ముంచుకొస్తే చీటీ రాసి అందించు. మధ్యలో నువ్వు లేచి అందుకున్నావంటే, ఈ అమ్మాయిని సొంత సీనియరే నమ్మలేదని బెంచికీ, అవతలి లాయరుకీ, క్లయింటుకీ ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఆ తర్వాత నువ్వు ఎన్ని సెక్షన్లు నేర్పినా ఆ కోర్టులో ఆమె మాటకి విలువ తేవడం నీ తరం కాదు.

డబ్బు సంగతి కూడా ఆలోచించు. జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సిఫార్సు చేసింది. అంతా ఇవ్వలేకపోతే ఎంత ఇవ్వగలవో ముందే చెప్పి, ఒకటో తారీఖున ఇవ్వు. ఊరికే కోర్టుకి తిరుగుతోందని ఇంట్లో నస మొదలయ్యాక ఆడపిల్ల ఎక్కువ రోజులు నిలవదు. మీ కోర్టు కాంప్లెక్సులో ఆడవాళ్ల టాయిలెట్‌కి తాళం వేసి ఉంటోందని ఫోన్లో చెప్పావు. అన్ని కోర్టుల్లో సరైన టాయిలెట్లు ఉండాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చింది, ఆ కాపీ జత చేసి జిల్లా జడ్జి గారికి అర్జీ పెట్టండి. రోజంతా నీళ్లు తాగకుండా సాయంత్రం నాలుగింటికి క్రాస్ చేయమంటే ఎవరి బుర్ర పనిచేస్తుంది?

మొదటి చెక్కు కేసు క్రాస్‌కి వాయిదా పడగానే ఫిర్యాదు, చీఫ్ అఫిడవిట్ స్కాన్ చేసి వాట్సాప్‌లో పెట్టు. ప్రశ్నలు నేను రాయను. వాళ్లు రాసి పంపితే, ఏవి కొట్టేయాలో చెప్తాను.

ఇట్లు,
మీ మేడమ్