పెళ్లి, రెండో కాపురం: ప్రభుత్వానికేం పని?

ఇష్టపడి కలిసి ఉండే పెద్దవాళ్ల మధ్య, ఇద్దరైనా ముగ్గురైనా, సర్కారు ఎందుకు దూరాలని కొందరు అడుగుతుంటారు. పడకగది వరకైతే పనేం లేదు. 2018లో సుప్రీంకోర్టు సెక్షన్ 497ను కొట్టేసి వ్యభిచారాన్ని నేరాల్లోంచి తీసేసింది కూడా, విడాకులకు కారణంగా మాత్రం ఉంచింది. కానీ పెళ్లికి పింఛను, పొలం, పిల్లల వాటా అన్నీ ముడిపడి ఉంటాయి కదా.

1955 హిందూ వివాహ చట్టం ప్రకారం మొదటి భార్య ఉండగా, విడాకులు లేకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, పైగా ఏడేళ్ల దాకా జైలు. అయినా మనవాళ్లు ఆగారా? చిన్నిల్లు అని ముద్దుపేరు పెట్టి మరీ నడిపించారు. అసలు గొడవ ఉద్యోగం చేసిన ఆ భర్త పోయాకే: ఫ్యామిలీ పింఛను కోసం ఇద్దరు ఆడవాళ్లు చెరో పెళ్లి ఫొటో పట్టుకుని ఒకే ఆఫీసుకొస్తారు, ఏళ్ల తరబడి వండిపెట్టి ఆసుపత్రిలో సేవ చేసిన మనిషి పేరు సర్వీసు రికార్డులో ఎక్కడా ఉండదు. పిల్లలకు మాత్రం అదే వివాహ చట్టంలోని సెక్షన్ 16 అండ, తల్లి పెళ్లి చెల్లకపోయినా తండ్రి ఆస్తిలో వాటా వస్తుంది.

ఉత్తరాఖండ్ 2025 నుంచి సహజీవనానికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. నా మటుకు అది అతి. మొదటి పెళ్లి దాచి మోసం చేసినవాణ్ణి మాత్రం వదలకూడదు. మరి అందరూ ఒప్పుకుంటే? మొదటి భార్య నిజంగా ఒప్పుకుందా, పుట్టింటికి వెళ్లే దారి లేక తలూపిందా అన్నది ఏ కోర్టూ తేలిగ్గా తేల్చలేదు, అందుకే రెండో పెళ్లి మీద నిషేధం ఎత్తేయమని నేనైతే అనను.