రిలే, ఫెడరేషన్, పీర్-టు-పీర్: మూడూ వాడినవాడిగా నా జవాబు

కథలు రాసుకునే నలభై మంది గ్రూప్‌కి ఏ ఒక్క కంపెనీ మీదా ఆధారపడని చోటు కావాలని, ఈ మూడు పద్ధతుల్లో ఏది నయమని అడిగారు. ముందు నాకు జరిగింది చెబుతాను. నా అభిప్రాయమంతా అక్కడి నుంచే వచ్చింది.

2019 నవంబరులో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేసినప్పుడు, మన దేశం నుంచి చాలామంది మాస్టడాన్‌కి వెళ్లారు. ట్విట్టర్ లాంటిదే, కానీ ఒకే కంపెనీది కాకుండా ఎవరికి వారు నడుపుకునే సర్వర్ల మీద ఉంటుంది. నేనూ అప్పుడే చేరాను. ఎవరో ఒకాయన సొంత ఖర్చుతో నడిపే చిన్న సర్వర్ అది. రెండేళ్లు బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున్నే తెరిస్తే సైట్ రాలేదు. మర్నాడూ రాలేదు, ఇక ఎప్పటికీ రాలేదు. మాస్టడాన్‌లో వేరే సర్వర్‌కి మారితే ఫాలోవర్లు వెంట వస్తారు, పోస్టులు మాత్రం రావు. ఆ ఫాలోవర్లు రావాలన్నా, మనం మారామన్న కబురు పాత సర్వరే మిగతావాటికి పంపాలి. అదే లేకపోతే పంపేదెవరు? రెండేళ్ల రాతలు, పరిచయాలు అలాగే పోయాయి. చాలా బాధపడ్డాను.

ఫెడరేషన్ అంటే ఈమెయిల్ లాంటిదే. మీ సర్వర్ వేరు, నా సర్వర్ వేరు, అయినా ఉత్తరాలు అందుతాయి. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి యాక్టివిటీపబ్, 2018లో ప్రమాణంగా వచ్చింది. మాస్టడాన్‌కి ఆ పని చేసేది అదే. ఇందులో మీ పేరు సర్వర్ పేరుతో ముడిపడి ఉంటుంది. ఇల్లు పోతే చిరునామా కూడా పోతుంది.

ఆ తర్వాత స్నేహితుల కోసం నేనే ఒక సర్వర్ పెట్టాను. ముప్పై మందిమి. మేం పెట్టిన ఫొటోలు కొన్నే, కానీ బయటి సర్వర్ల నుంచి వచ్చి పోగయ్యే ఫొటోలతో డిస్క్ నిండిపోయేది. అర్ధరాత్రి సైడ్‌కిక్ క్యూ (సర్వర్ వెనక చేయాల్సిన పనుల వరుస) పెరిగిపోతుంటే టెన్షన్‌తో లేచి కూర్చున్న రోజులున్నాయి. ఇంకో విషయం మీవాళ్లకు ముందే చెప్పండి: మాస్టడాన్‌లో ప్రైవేటుగా పంపుకునే మెసేజ్‌లకు ఎన్‌క్రిప్షన్ (మధ్యవాళ్లు చదవలేకుండా చేసే తాళం) లేదు. సర్వర్ నడిపేవాడు చదవాలనుకుంటే చదవగలడు. నేను చదవలేదు, కానీ అది నా మీద వాళ్లకున్న నమ్మకమే తప్ప పద్ధతి ఇచ్చిన భద్రత కాదు.

రిలే పద్ధతికి నేను చూసిన ఉదాహరణ 2020లో వచ్చిన నోస్టర్. ఇందులో సర్వర్‌లో ఖాతా ఉండదు. మీ దగ్గరున్న రహస్య కీతో, అంటే మీకు మాత్రమే తెలిసిన పొడవాటి కోడ్‌తో, ప్రతి పోస్టు మీదా సంతకం పడుతుంది. ఆ పోస్టును రిలేలనే నాలుగైదు సర్వర్లకు పంపుతారు. రిలేలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, తీసుకుని దాచి అడిగినవాళ్లకు ఇస్తాయి, అంతే. ఒకటి మూతపడ్డా మిగతావాటిలో మీ రాత ఉంటుంది. సంతకం ఉంది కాబట్టి రిలే నడిపేవాడు ఒక్క అక్షరం మార్చినా తెలిసిపోతుంది. సర్వర్ పోగొట్టుకున్న నాకు ఇది ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. అయితే మా మిత్రుడొకడు పొరపాటున తన రహస్య కీని ఒక గ్రూపులో పేస్ట్ చేశాడు. పాస్‌వర్డ్ మార్చుకున్నట్టు దాన్ని మార్చుకునే వీల్లేదు. కొత్త కీతో కొత్త మనిషిలా మొదలుపెట్టాల్సి వచ్చింది. పెట్టిన పోస్టు తీసేయమని రిలేలను అడగవచ్చు గానీ, తీసేస్తాయన్న హామీ లేదు. రాసింది పదిసార్లు దిద్దుకునే కథకులు దీని గురించి ఆలోచించాలి.

ట్విట్టర్ లాంటి ఇంకో వేదిక బ్లూస్కై వాళ్లూ రిలే అనే మాటే వాడతారు, కానీ అక్కడ అర్థం వేరు. వేర్వేరు సర్వర్లలోని పోస్టులను ఒక్కచోటికి చేర్చి ఒకే ధారగా పంపేది అది. రెండింటినీ కలిపేసుకోకండి.

పీర్-టు-పీర్‌లో, అంటే ఫోన్లు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిలో, స్కటిల్‌బట్ అనేదాన్ని కొన్ని నెలలు వాడాను. మధ్యలో ఎవరూ లేకుండా రెండు ఫోన్లు ఒకే వైఫైలో ఉంటే చాలు, ఇంటర్నెట్ లేకపోయినా పోస్టులు ఇచ్చిపుచ్చుకుంటాయి. అది చూసి నిజంగా ముచ్చటేసింది. కానీ ఒకే గుర్తింపును ఫోన్‌లోనూ లాప్‌టాప్‌లోనూ వాడితే పోస్టుల వరుస లెక్క తప్పి ఖాతా పాడవుతుంది. పైగా మన మొబైల్ నెట్‌వర్కుల్లో చాలామంది ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) వెనక ఉంటారు కాబట్టి రెండు ఫోన్లు నేరుగా కలవడం కష్టం, చివరికి మధ్యలో ఏదో ఒక సర్వర్ సాయం కావాలి. ఇద్దరూ ఒకేసారి ఆన్‌లైన్‌లో లేకపోతే, మధ్యలో ఇంకెవరైనా మోసుకొస్తే తప్ప కబురు ఆగిపోతుంది. నలభై మంది రోజూ కలుసుకునే చోటుగా దీన్ని నేను సిఫార్సు చేయను.

మీ గ్రూప్‌కి నేనైతే ఫెడరేషనే ఎంచుకుంటాను. పెద్దవాళ్లు కూడా ఉంటారు, కీ పోతే అంతా పోతుందంటే భయపడతారు. ఇక్కడ పాస్‌వర్డ్ మరిచిపోయినా మీరు సాయం చేయగలరు. కానీ సొంత డొమైన్ (సైట్ పేరు) కొని మొదలుపెట్టండి, తర్వాత దాన్ని మార్చడం దాదాపు కుదరదు. సర్వర్ తాళాలు, అంటే దాని పాస్‌వర్డులు, ఇద్దరి దగ్గర ఉండాలి. డేటాబేస్ బ్యాకప్ సర్వర్‌లోనే కాకుండా బయట ఇంకోచోట కూడా పెట్టండి. ప్రతి ఒక్కరూ మూడు నెలలకోసారి తమ పోస్టులను డౌన్‌లోడ్ చేసుకునేలా గుర్తుచేయండి. సొంతంగా నడపలేకపోతే, మాస్టడాన్ వాళ్ల అధికారిక సైట్‌లోని జాబితా నుంచి ఒక సర్వర్‌ను ఎంచుకోండి. మూసేసే ముందు కనీసం 3 నెలల నోటీసు ఇస్తామని మాట ఇచ్చినవాటికే అందులో చోటు. నేను చేరినప్పుడు ఆ సంగతి చూసుకోలేదు.