చెల్లకముందే చెల్లిందని రాయకు

చిరంజీవికి,

నీ అనువాదంలో అబ్సొలెస్ (obsolesce) అనే ఇంగ్లీషు క్రియ తగిలిన ప్రతిచోటా ‘కాలం చెల్లింది’ అని రాశావు. ఆ మాట అబ్సొలీట్ (obsolete) అనే విశేషణానికి నప్పుతుంది. అబ్సొలెస్ ఇంకా పూర్తికాని పని. దాని చివరి ‘ఎస్’ లాటిన్ ప్రత్యయం, ఒక స్థితిలోకి మెల్లగా జారడాన్ని చెబుతుంది. జబ్బు నుంచి కోలుకుంటూ ఉండడమనే కాన్వలెస్‌లోనూ అదే ఉంది. అందుకే అబ్సొలెసెంట్ అంటే వాడుక తప్పుతున్నది, అబ్సొలీట్ అంటే తప్పినది.

ఈ తేడా ఎంత పని చేస్తుందో సీ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రమాణంలో చూడు. ఇన్‌పుట్ నుంచి ఒక వరుస చదివే గెట్స్ అనే ఫంక్షన్ ఎంత పొడుగు చదవాలో హద్దు పెట్టదు. కేటాయించిన చోటు దాటి అక్షరాలు పొర్లుతాయి. 2007 సవరణ దాన్ని అబ్సొలెసెంట్ అంది. 2011 ప్రమాణంలో తీసేశారు. ఆ నడుమ నాలుగేళ్లూ అది ప్రమాణంలో ఉంది. 2007 పాఠాన్ని ‘కాలం చెల్లిన’ అని తెనిగిస్తే, ఉన్నదాన్ని లేదన్నట్టే.

అబ్సొలెస్ అకర్మక క్రియ. వస్తువు తానే వాడుక తప్పుతుంది. కొత్తది పాతదాన్ని తప్పించిందని చెప్పాలంటే, సాంకేతిక రచనల్లో అబ్సొలీట్‌నే సకర్మక క్రియగా వాడతారు. ఇంటర్నెట్ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 7230 (2014) మొదట్లోనే ‘అబ్సొలీట్స్: 2145, 2616’ అని పాత పత్రాల సంఖ్యలు ఉంటాయి. దాన్ని ‘వీటి స్థానంలో వచ్చింది’ అని రాయి, చాలు.

‘అరిగిపోవడం’, ‘శిథిలమవడం’ మాత్రం వద్దు. చెక్కుచెదరని యంత్రం కూడా అబ్సొలెస్ అవుతుంది. అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 16 ఆస్తి ఎన్నాళ్లు ఉపయోగపడుతుందో లెక్కగట్టేటప్పుడు చూడాల్సినవాటిలో అరుగుదలను ఒక అంశంగా, అబ్సొలెసెన్స్‌ను, అంటే వాడుక తప్పడాన్ని, వేరే అంశంగా చెబుతుంది. రెండింటికీ ‘తరుగుదల’ అని రాస్తే ఆ పేరా అర్థమే పోతుంది. ‘అంతరించడం’ జీవజాతులకు ఉంచు.

ఇంగ్లీషులో ఈ క్రియ అరుదు. నామవాచకం, విశేషణమే ఎక్కువ కనిపిస్తాయి. నువ్వే ఇంగ్లీషు రాసేటప్పుడు ‘బికమింగ్ అబ్సొలీట్’ అను, చదువరికి తేలిక.

ఇంకొకటి: ఎక్కడ వాడుక తప్పుతోందో కూడా చూసుకో. బండి ఱ నేటి మామూలు వచనంలో వాడుక తప్పింది. నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. ఆ ‘ఎక్కడ’ మూలంలో ఉంటే అనువాదంలో జారిపోనివ్వకు.

ఆశీస్సులతో.